ఒకసారి పడి ఒకసారి పడని బ్రేకు



ఈ నెల మన కుటుంబ పేజీలో పాత కార్ల బ్రేకులను గూర్చి వ్రాస్తున్నాము. సంఘ పత్రికలో బ్రేకుల మాట ఎందుకని కొందరికి అనిపించవచ్చును. ఒకప్పుడు పల్లె సంఘములలో ఆదివారం ఉదయం గుడి ముందు సైకిళ్లు, ఎడ్లబండ్లు నిలిచేవి. ఇప్పుడు పాత మారుతీలు, ఓమ్నీలు, జీపులు, అక్కడక్కడ ఒక అంబాసిడరు నిలుస్తున్నాయి. అంబాసిడరు, మారుతి 800, ఈ రెండింటి తయారీ 2014లోనే ఆగిపోయింది. ఓమ్నీ తయారీ 2019లో ఆగిపోయింది. అయినా అవి చేతులు మారి మారి మన ఊళ్లకు వచ్చి, ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. పిల్లలను పరీక్షలకు, నిండు నెలల స్త్రీలను ఆసుపత్రికి, యౌవనస్థులను కూడికలకు, క్రిస్మస్ నాడు కుటుంబమంతటినీ మెదక్ గుడికి వాటిలోనే తీసుకొని వెళ్తున్నాము. ఐదుగురు పట్టే బండిలో ఎనిమిది మంది ఎక్కే రోజులు కూడా ఉన్నాయి.

పాత బండిలో లోపములన్నీ ఒకే రకమైనవి కావు. స్టార్టు కాని బండి ఇంటి దగ్గరే ఉంటుంది, దానివలన ఎవరికీ ప్రాణభయము లేదు. బ్రేకు పూర్తిగా పోయిన బండిని తెలిసి తెలిసి ఎవరూ రోడ్డు మీదికి తీయరు. మనము ఎక్కువగా భయపడవలసినది మూడవ రకమునకు. నిన్న పడలేదు, ఈ రోజు బాగానే పడింది అనే బ్రేకు అది. షెడ్డుకు తీసుకొని వెళ్తే చక్కగా పడుతుంది. మెకానిక్ ఒక చుట్టు తిప్పి, “బాగానే ఉంది కదండీ” అని తాళము చేతికిస్తాడు. ఇంటివారు “సర్దుకుందిలే” అనుకొంటారు. మేము చెప్పదలచిన మాట ఒక్కటే. బ్రేకు దానంతట అది బాగుపడదు. లోపము కనబడని రోజున కూడా లోపము బండిలోనే ఉన్నది.

మన ఊళ్లలో చలిజ్వరము తెలియనివారు లేరు. రోజు విడిచి రోజు వస్తుంది. జ్వరము లేని రోజున రోగి లేచి తిరుగుతాడు, అన్నము తింటాడు, పొలానికి కూడా వెళ్తాడు. అంతమాత్రాన రోగము పోయిందని డాక్టరు అనడు. ఎప్పుడు వచ్చింది, చలితో వచ్చిందా, ఎంతసేపు ఉంది, మళ్లీ ఎప్పుడు వచ్చింది అని అడుగుతాడు. వచ్చిపోయే బ్రేకు లోపమునకు కూడా ఇదే పద్ధతి. ముందు ‘ఎప్పుడు’ అని అడగవలెను. ‘ఏమి చెడింది’ అనేది ఆ తరువాతి ప్రశ్న.

బ్రేకు పనిచేయు విధము

మనము కాలితో పెడలు తొక్కినప్పుడు ఆ బలము మాస్టర్ సిలిండరు అనే చిన్న పంపులోని బ్రేకు ఆయిలును నెట్టుతుంది. ఆ ఒత్తిడి సన్నని ఇనుప గొట్టముల గుండా, చక్రముల దగ్గర రబ్బరు హోసు పైపుల గుండా నాలుగు చక్రములకూ పోతుంది. డ్రమ్ము ఉన్న చక్రములో వీల్ సిలిండరు రెండు షూలను బయటకు తోస్తుంది, అవి డ్రమ్మును లోపలి నుండి పట్టుకొంటాయి. డిస్కు ఉన్న చక్రములో రెండు ప్యాడ్లు డిస్కును ఇరువైపుల నుండి నొక్కుతాయి. పాత అంబాసిడర్లలో నాలుగు చక్రములకూ డ్రమ్ములే. మారుతి 800లో ముందు డిస్కులు, వెనుక డ్రమ్ములు.

మూసిన పాత్రలోని ద్రవమును ఒకచోట నొక్కితే ఆ ఒత్తిడి తగ్గకుండా అన్ని వైపులకూ వ్యాపించునని వివరించినవాడు ఫ్రాన్సు దేశపు బ్లేజ్ పాస్కల్. 1623లో పుట్టి, 1662లో 39 ఏండ్లకే మరణించాడు. గణితములోను భౌతిక శాస్త్రములోను ప్రసిద్ధుడైన ఈయన క్రీస్తు భక్తుడు. విశ్వాసమును గూర్చి ఆయన వ్రాసి పెట్టుకొన్న తలంపులు ఆయన చనిపోయిన తరువాత 1670లో పుస్తకముగా వచ్చినవి. దేవుడు సృష్టిలో ఉంచిన ఆ నియమము మీదనే మన కాలి కింది పెడలు పనిచేస్తున్నది.

ఇక్కడ ఒక సంగతి గుర్తుంచుకోవాలి. ద్రవమును నొక్కితే అది కుదించుకొనిపోదు గనుక బలము చక్రము వరకు చేరుతుంది. గాలి అట్లు కాదు, నొక్కితే కుదించుకొనిపోతుంది. ఆయిలులో గాలి గాని ఆవిరి గాని చేరితే మన కాలి బలమంతా దానిని నొక్కడానికే సరిపోతుంది, చక్రమునకు చేరదు. కాబట్టి బ్రేకు పడకపోవడానికి కారణములు స్థూలముగా ఇవి. ఆయిలు కారిపోవడం, ఆయిలులో గాలి లేక ఆవిరి చేరడం, ఒత్తిడి లోలోపల జారిపోవడం, ఒత్తిడి చక్రము వరకు వచ్చినా షూ గాని ప్యాడు గాని సరిగా పట్టకపోవడం.

ఒక కుటుంబము కనుగొన్న తీరు

మాకు తెలిసిన ఒక కుటుంబమునకు చేతులు మారి వచ్చిన మారుతి 800 ఉన్నది. తండ్రి బడిలో ఉపాధ్యాయుడు. కొన్నిసార్లు బ్రేకు పెడలు కిందికి దిగిపోయేది. మళ్లీ తొక్కితే సరిగా ఉండేది. రెండు షెడ్లలో చూపించారు. ఒకచోట ‘ఎయిర్ పట్టింది’ అని ఎయిర్ తీశారు. రెండవచోట వెనుక షూలు మార్చారు. డబ్బు అయిపోయింది గాని లోపము పోలేదు. రెండు చోట్లా నడిపి చూసినప్పుడు మాత్రము బ్రేకు బాగానే పడింది.

అప్పుడు ఇంటర్ చదువుతున్న వారి పెద్దమ్మాయి ఒక పాత నోటుపుస్తకము తెచ్చి కారు అరలో పెట్టింది. పెడలు దిగిన ప్రతిసారీ తేదీ, వేళ, ఇంటి నుండి ఎంత దూరము వచ్చారు, ఎండా వానా, బండిలో ఎంతమంది, ఏ వేగముతో పోతున్నారు, గట్టిగా తొక్కారా మెల్లగా తొక్కారా, ఇవన్నీ వ్రాయాలని చెప్పింది. తండ్రి నడుపుతుంటే తానే అడిగి వ్రాసేది. మూడు వారాలలో ఐదుసార్లు జరిగింది. వరుసగా చదివితే ఒక సంగతి బయటపడింది. నాలుగుసార్లు రైల్వే గేటు దగ్గర, ఒకసారి సంతలో. ఐదుసార్లూ బండి ఆగి ఉన్నది, లేక ఆగబోతున్నది. కాలు పెడలు మీద మెల్లగా ఆనించి ఉన్నది. వేగముగా పోతూ గట్టిగా తొక్కినప్పుడు ఒక్కసారి కూడా దిగలేదు. ఆయిలు డబ్బాలో మట్టము మాత్రము ఏమాత్రము తగ్గలేదు.

ఐదవసారి జరిగినప్పుడు, గేటు దగ్గరి ఎత్తు మీద నిలిచి ఉన్న ఆ కారు మెల్లగా వెనుకకు జారింది. వెనుక నిలిచిన సైకిలు ముందు చక్రమునకు జానెడు దూరములో హ్యాండ్ బ్రేకుతో ఆగింది. ఆ సైకిలు కడ్డీ మీద చిన్న బిడ్డ కూర్చొని ఉన్నది. ఆ సంగతి కూడా ఆ పేజీలో వ్రాసి ఉన్నది.

ఆ పేజీని మూడవ మెకానిక్‌కు చూపించారు. ఆయన బండిని రోడ్డు మీదికి తీయలేదు. సీటులో కూర్చొని, పెడలును చాలా మెల్లగా నొక్కి అలాగే పట్టుకొన్నాడు. ఒక నిమిషము గడవకముందే పెడలు కొంచెము కొంచెముగా నేలకు దిగిపోయింది. మాస్టర్ సిలిండరు లోపలి రబ్బరు వాషర్లు అరిగిపోయాయని చెప్పాడు. గట్టిగా తొక్కితే ఆ రబ్బరు విచ్చుకొని సిలిండరు గోడకు అంటుకొంటుంది, ఒత్తిడి నిలుస్తుంది. మెల్లగా తొక్కితే ఆయిలు దాని పక్కనుండి వెనుకకు జారిపోతుంది. అది బయటకు కారదు గనుక డబ్బాలో తగ్గదు. షెడ్లలో నడిపి చూసినవారు గట్టిగా తొక్కి చూశారు గనుక వారికి కనబడలేదు. వారిది మోసము కాదు, వారికి ‘ఎప్పుడు’ అనే మాట అందలేదు. కొత్త మాస్టర్ సిలిండరు వేసిన తరువాత ఆ లోపము మళ్లీ రాలేదు.

ప్రియులారా, ఆ అమ్మాయికి మెకానిక్ పని రాదు. చూసినది చూసినట్లు వ్రాసింది, అంతే. అది మనలో ఎవరైనా చేయగలిగిన పని.

ఎప్పుడు జరిగిందో చూచి గురుతుపట్టుట

మొదటిసారి తొక్కితే కిందికి పోయి, వెంటనే రెండవసారి తొక్కితే పైనే నిలిస్తే రెండు కారణములు ఉండవచ్చును. రెండవసారి పెడలు రాయివలె గట్టిగా నిలిస్తే వెనుక డ్రమ్ములలో షూలకు, డ్రమ్ముకు మధ్య ఎడము పెరిగినదని అనుమానించాలి, షూలు అడ్జస్టు చేయించాలి. పెడలు దూదివలె మెత్తగా ఉంటే ఆయిలులో గాలి ఉన్నది. ఎయిర్ తీయించి ఊరుకొనరాదు. గాలి దానంతట అది లోపలికి రాదు, వచ్చిన దారి ఎక్కడో ఉన్నది. ఆ దారి కనుగొనేవరకు పని పూర్తి కానట్లే.

గతుకుల రోడ్డు మీద పోయిన తరువాత మొదటి తొక్కు మాత్రమే కిందికి పోతుంటే ముందు చక్రముల బేరింగులు చూడాలి. బేరింగు వదులైతే డిస్కు అటూ ఇటూ ఊగి ప్యాడ్లను వెనుకకు నెట్టుతుంది. తరువాతి తొక్కు ఆ ఖాళీ నింపడానికే సరిపోతుంది.

ఘాటు రోడ్డు దిగుతున్నప్పుడు జరిగితే వేడి కారణము. అరకు నుండి అనంతగిరి ఘాటులో దిగేవారు, శ్రీశైలం ఘాటులో, మారేడుమిల్లి ఘాటులో నిండు బండితో దిగేవారు ఇది తప్పక తెలుసుకోవాలి. మామూలు బ్రేకు ఆయిలు గాలిలోని తేమను పీల్చుకొంటుంది. డాట్ 3 రకము కొత్తగా ఉన్నప్పుడు కనీసము 205 డిగ్రీల సెంటీగ్రేడు వరకు మరగదు. తేమ పట్టిన తరువాత అదే ఆయిలు 140 డిగ్రీల దగ్గరే మరగవచ్చును. డాట్ 4 రకమునకు ఆ లెక్కలు 230, 155. వాలు పొడవునా బ్రేకు తొక్కుతూ దిగితే ఆ వేడికి ఆయిలు మరిగి ఆవిరి అవుతుంది, పెడలు ఒక్కసారిగా నేలకు దిగిపోతుంది. బండి ఆపి అరగంట టీ త్రాగి వస్తే ఆవిరి చల్లారి మళ్లీ ఆయిలు అవుతుంది, పెడలు పైకి వస్తుంది. చాలామంది ‘బాగయింది’ అని బయలుదేరేది ఇక్కడే. ఆయిలు పూర్తిగా తీసివేసి కొత్తది పోయించేవరకు అది బాగుపడినట్లు కాదు. పెడలు గట్టిగానే ఉండి బండి మాత్రము ఆగకపోతే అది వేరు. షూలు, ప్యాడ్లు అతిగా వేడెక్కి పట్టు తప్పినవి. రెండింటికీ ముందు జాగ్రత్త ఒకటే. ఎత్తు ఎక్కేటప్పుడు ఏ గేరు కావాలో దిగేటప్పుడు కూడా దాదాపు ఆ గేరులోనే దిగాలి.

వాగు దాటిన తరువాత, వాన తరువాత ఒకటి రెండుసార్లు మాత్రమే బ్రేకు తక్కువగా పడితే డ్రమ్ములు తడిసినవి. బండిని నెమ్మదిగా నడుపుతూ పెడలు తేలికగా కొంచెముసేపు నొక్కి ఉంచితే ఆరిపోతాయి. ఆరిన తరువాత కూడా అట్లే ఉంటే కారణము వాన కాదు.

కొంత దూరము పోయిన తరువాత బండి బరువెక్కి, ఒక చక్రము కాలిపోతూ, కాసేపు ఆపితే వదులుతుంటే బ్రేకు పట్టివేస్తున్నది. దీనికి మూడు చోట్ల చూడాలి. మెకానిక్ ఆ చక్రము దగ్గరి ఎయిర్ తీసే నిపులు కొంచెము వదులు చేసినా చక్రము వదలకపోతే లోపము ఆ చక్రములోనే, క్యాలిపరు పిస్టను గాని వీల్ సిలిండరు గాని బిగుసుకొన్నది. నిపులు వదులు చేయగానే చక్రము వదిలితే లోపము పైన ఉన్నది. మాస్టర్ సిలిండరు దగ్గర గొట్టము వదులు చేసి చూస్తే మిగిలినది తెలుస్తుంది. అక్కడ వదిలితే మాస్టర్ సిలిండరు లేక పెడలు అడ్జస్ట్‌మెంటు, అక్కడ వదలకపోతే హోసు పైపు. పాత హోసు పైపు పైకి నున్నగా కనబడుతూ లోపల ఉబ్బిపోతుంది. కాలి బలముతో ఆయిలును పోనిస్తుంది గాని తిరిగి రానివ్వదు. పెడలుకు ఉండవలసిన కొద్దిపాటి ఖాళీ ఆటను ఎవరైనా ‘బ్రేకు పైకి రావాలి’ అని తీసివేసినా ఇట్లే పట్టివేస్తుంది.

ఒక్కొక్కసారి పెడలు కొయ్యవలె బిగుసుకొని, ఎంత తొక్కినా బండి ఆగకపోతే బూస్టరును చూడాలి. ఇది ఇంజను నుండి వచ్చే వ్యాక్యూముతో మన కాలికి సాయము చేస్తుంది. దాని గొట్టము పగిలినా, వాల్వు పాడైనా సాయము ఒకసారి అందుతుంది, ఒకసారి అందదు. డీజిలు బండ్లలో దీనికి ప్రత్యేకముగా ఒక పంపు ఉంటుంది, చాలా బండ్లలో అది ఆల్టర్నేటరు వెనుక బిగించి ఉంటుంది. డీజిలు ఆదా అవుతుందని వాలులో ఇంజను ఆపి దొర్లించేవారు ఉన్నారు. ఇంజను ఆగితే రెండు మూడు తొక్కులకే బూస్టరు బలము అయిపోతుంది. ఆ ఆదా ప్రాణమునకు వెల కట్టినట్లు.

బ్రేకు తొక్కినప్పుడు బండి ఒక పక్కకు లాగితే ముందు టైర్లలో గాలి సరిచూడండి. అది సరిగా ఉంటే ఒక చక్రములో బ్రేకు పడుతున్నది, రెండవదానిలో పడుట లేదు. షూల మీదికి ఆయిలు గాని గ్రీజు గాని కారినదేమో విప్పించి చూడాలి. మలుపు తిరిగినప్పుడు మాత్రమే ఎర్ర బ్రేకు దీపము వెలిగి ఆరుతుంటే డబ్బాలో ఆయిలు తగ్గి, పక్కకు ఒరిగినప్పుడు బయటపడుతున్నది. దీపమును నమ్మండి.

చివరిది చాలా చిన్నది. డ్రైవరు కాళ్ల దగ్గర దొర్లే నీళ్ల సీసా, ముందుకు జరిగిన పట్టా. అవి పెడలు కిందికి చేరితే కొత్త కారులో కూడా బ్రేకు పడదు. గుడి నుండి తిరిగి వచ్చేటప్పుడు సీటు కిందికి సీసా తోసే అలవాటు మన ఇళ్లలో ఎంతమందికి ఉన్నదో చూసుకోండి.

ఇంటి దగ్గర చూసుకొనగల సంగతులు

వీటికి పనిముట్లు అక్కరలేదు. బండి చదునైన నేల మీద, చక్రములకు రాళ్లు పెట్టి ఉండాలి. జాకీ ఒక్కదాని మీద నిలిపిన బండి కిందికి ఎవరూ దూరరాదు.

బానెట్టు ఎత్తి ఆయిలు డబ్బాలో మట్టము రెండు గీతల మధ్య ఉన్నదా చూడండి. నెలకొకసారి చూసి వ్రాసుకోండి. మట్టము వేగముగా తగ్గుతుంటే ఎక్కడో కారుతున్నది. ప్యాడ్లు అరిగేకొద్దీ నెమ్మదిగా కొంచెము తగ్గడం సహజము. నాలుగు చక్రముల లోపలి వైపు తడి మరకలు ఉన్నాయేమో, మాస్టర్ సిలిండరు కింద, పెడలు పైభాగమున తడి ఉన్నదేమో చూడండి. హోసు పైపుల మీద పగుళ్లు చూడండి.

తరువాత సీటులో కూర్చొని పెడలును ఒకసారి గట్టిగా ఒక నిమిషము, ఒకసారి మెల్లగా ఒక నిమిషము నొక్కి పట్టండి. దిగకూడదు. బూస్టరు ఉన్న బండిలో ఇంజను ఆపి, పెడలు బిగుసుకొనేవరకు నాలుగైదుసార్లు తొక్కి, అలాగే నొక్కి పట్టి ఇంజను స్టార్టు చేయండి. పెడలు కొంచెము కిందికి దిగాలి. దిగకపోతే బూస్టరు సాయము అందుట లేదు. హ్యాండ్ బ్రేకు కూడా వాలులో బండిని పట్టి ఉంచుతున్నదో లేదో చూడండి. మామూలు బ్రేకు తప్పిన రోజున మనకు మిగిలేది అదే.

ఆయిలు విషయములో మూడు హెచ్చరికలు. మొదటిది, బ్రేకు డబ్బాలో ఇంజను ఆయిలు గాని కిరోసిను గాని డీజిలు గాని ఒక్క చుక్క కూడా పోయరాదు. వాటితో కడగనూ రాదు. లోపలి రబ్బరు ఉబ్బి పాడైపోతుంది, అప్పుడు రబ్బరు భాగములన్నీ మార్చవలసి వస్తుంది. రెండవది, మూత తీసి చాలాకాలము ఉంచిన ఆయిలు తేమ పట్టినదే, వాడవద్దు. బండిలోని ఆయిలును రెండేండ్లకు ఒకసారి మార్పించండి. మూడవది, ఇది విషము. త్రాగునీటి సీసాలో పోసి పిల్లలకు అందే చోట పెట్టరాదు. పాత లైనర్ల ధూళిలో ఆస్‌బెస్టాస్ ఉండవచ్చును గనుక డ్రమ్ము విప్పినప్పుడు నోటితో ఊదరాదు, తడి గుడ్డతో తుడవాలి.

రోడ్డు మీద ఉండగానే బ్రేకు తప్పితే పెడలు వెంటవెంటనే తొక్కుతూ ఉండండి. ఒక్కొక్క గేరే తగ్గించండి. హ్యాండ్ బ్రేకును ఒక్కసారిగా లాగక, మీట నొక్కి పట్టి కొంచెము కొంచెముగా లాగండి. హారను, దీపములతో ఎదుటివారిని హెచ్చరించండి. ఇంజను ఆపవద్దు. తరువాత ఆ బండి షెడ్డుకు లాగబడి పోవాలి గాని నడుపబడి పోరాదు.

తెలిసిన తరువాత యజమాని బాధ్యత

నిర్గమకాండము 21వ అధ్యాయములో పొడిచే ఎద్దును గూర్చిన కట్టడ ఉన్నది. ఎద్దు అకస్మాత్తుగా ఒకనిని పొడిచి చంపితే ఎద్దునే శిక్షించమన్నాడు దేవుడు, యజమానిని విడిచిపెట్టమన్నాడు. అయితే అది పొడిచే అలవాటు గలదని ముందే యజమానికి తెలియజేసినా అతడు దానిని కట్టివేయకపోతే, ఆ ప్రాణమునకు అతడు కూడా జవాబుదారి. ఎద్దు చేసిన పని రెండు చోట్లా ఒకటే. యజమానికి తెలిసియుండుటే తేడా. ఆ ఎద్దు కూడా రోజూ పొడిచేది కాదు, అప్పుడప్పుడు పొడిచేది. ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయములో క్రొత్త ఇల్లు కట్టినవాడు డాబాకు పిట్టగోడ కట్టాలని ఆజ్ఞ ఉన్నది. ఇంకా ఎవరూ పడలేదు గదా అని ఆగమనలేదు. పడకముందే కట్టమన్నాడు.

మన దేశపు చట్టము కూడా ఇదే మాట చెప్పుచున్నది. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 190వ సెక్షను ప్రకారము, ప్రమాదకరమైన లోపము ఉన్నదని తెలిసి, లేక మామూలు జాగ్రత్తతో తెలుసుకొనగలిగి ఉండి, ఆ బండిని రోడ్డు మీద నడిపినవాడే గాక నడపనిచ్చినవాడు కూడా శిక్షార్హుడు. 15 ఏండ్లు నిండిన సొంత కారుకు రిజిస్ట్రేషను తిరిగి చేయించినప్పుడు అధికారి బండిని చూస్తాడు. ఆ కాగితము ఆ రోజు సంగతి చెప్పును గాని మరుసటి వారము సంగతి చెప్పదు.

కాబట్టి మొదటిసారి పెడలు దిగినప్పుడు మనకు తెలియజేయబడినదని గ్రహించాలి. సంఘమునకు బండి ఉన్నచోట పెద్దలు ఈ మాట ప్రత్యేకముగా ఆలోచించాలి. డ్రైవరు తమ్ముడు వచ్చి, “అయ్యగారూ, అప్పుడప్పుడు బ్రేకు పడటం లేదండీ” అని చెప్పినప్పుడు, “పండుగ అయిన తరువాత చూద్దాంలే, మొన్న బాగానే వచ్చాం గదా” అని పంపివేయరాదు. అతని మాట మినిట్సు పుస్తకములో వ్రాయాలి. బండి బాగయ్యేవరకు సండే స్కూలు పిల్లలను అందులో ఎక్కించరాదు. ఆ ఆదివారము బస్సులో వెళ్తే ఆలస్యమగును గాని ఎవరి ఇంటా ఏడ్పు ఉండదు.

“ప్రార్థన చేసి బయలుదేరుదాము, దేవుడే చూసుకొంటాడు” అనే మాట కూడా వింటూ ఉంటాము. ప్రయాణమునకు ముందు ప్రార్థన చేయుట మంచిది, మేమును చేస్తాము. అయితే ప్రభువు దేవాలయ శిఖరము మీద నిలిచి ఉన్నప్పుడు, దూతలు పట్టుకొంటారు దూకుమని అపవాది చెప్పితే ఆయన దూకలేదు. తండ్రి మీద నమ్మకము లేక కాదు. తెలిసిన ప్రమాదములోనికి దిగి తండ్రిని పరీక్షించుట విశ్వాసము కాదని ఆయన ఎరుగును. ప్రార్థించిన చేతులే బానెట్టు కూడా ఎత్తవలెను.

ఇంకొక మాట చెప్పి ముగిస్తాము. మన కుటుంబములలో కూడా వచ్చిపోయే లోపములు ఉన్నాయి. “మా ఆయన మంచివాడేనండీ, త్రాగిన రోజున మాత్రమే చెయ్యి చేసుకొంటాడు” అని ఒక సహోదరి మా దగ్గర అన్నది. మంచిగా ఉన్న పది రోజులు ఆ పదకొండవ రోజును చెరిపివేయవు. అది కూడా దానంతట అది బాగుపడదు. ఎప్పుడు, దేనివలన అని నిజాయితీగా చూసి, చెప్పవలసినవారికి చెప్పి, సరిచేసుకొనవలసినదే. అటువంటి ఇంటిలో ఉన్న సహోదరి ఓర్చుకొని ఊరుకొనవద్దు. సంఘములో నమ్మకమైనవారికి, అవసరమైతే పోలీసువారికి చెప్పుట పాపము కాదు. బిడ్డల ప్రాణము కూడా ఆ ఇంటిలోనే ఉన్నది.

ఈ నెలలో మీ బండిలో ఒక నోటుపుస్తకము, ఒక పెన్సిలు పెట్టండి. మొదటి పేజీలో ఈ రోజు తేదీ, ఆయిలు మట్టము వ్రాయండి. వాకిట్లోనే నిలిపి ఆ ఒక నిమిషపు పరీక్ష చేయండి. అనుమానము ఉంటే బండిని కదిలించకండి.

ప్రేమగల తండ్రీ, మా ప్రయాణములలో మమ్మును, మాకు ఎదురుపడు ప్రతి ప్రాణమును కాపాడుము. నీవు ముందుగా తెలియజేసిన దానిని త్రోసివేయని మనస్సు మాకు దయచేయుము. మా చేతికి అప్పగించిన వాటిని నమ్మకముగా చూచుకొనుటకు సహాయము చేయుము. యేసు నామమున, ఆమేన్.